మార్కులకు కాకుండా నడవడికి, సృజనకు, నాయకత్వానికి బహుమతులు: జెడ్పీ హైస్కూల్లో ఎంపిక ఎలా?

పూర్వవిద్యార్థి_2001

మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్. 6 నుంచి 10 వరకు సుమారు 240 మంది, 8 సెక్షన్లు, హెచ్ఎం కాక 11 మంది టీచర్లు. మా పూర్వ విద్యార్థుల సంఘం ఇన్నాళ్లూ పదో తరగతిలో మొదటి ముగ్గురికి నగదు ఇస్తూ వచ్చింది. ఈ ఏడాది నుంచి మార్కులతో పని లేకుండా నడవడికి, సృజనకు, నాయకత్వానికి కూడా ఇద్దామని తీర్మానం చేసుకున్నాం. ఏడాదికి 30,000 రూపాయల దాకా పెట్టగలం. ఫిబ్రవరిలో వార్షికోత్సవం రోజున ఇవ్వాలని ఆలోచన.

హెచ్ఎం సార్ సరేనన్నారు గానీ ఒక మాట అడిగారు: "మార్కులైతే మెమో చూపించి నోరు మూయించవచ్చు. మంచితనానికి మెమో ఎక్కణ్నుంచి తేవాలి?" దానికి మా దగ్గర జవాబు లేదు.

అడగాలనుకున్నవి ఇవీ. ఎవరు ఎంపిక చేయాలి, దేని ఆధారంగా? నగదు ఇవ్వాలా, వస్తువులా? ప్రభుత్వం ఇచ్చే పురస్కారాల్లో వీటికి దగ్గరగా ఉన్నవేంటి? బడి నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెబితే మేలు.

---

సోషల్_ఎస్ఏ

హెచ్ఎం గారి ప్రశ్న సరైనదే. మంచితనానికి మెమో ఉండదు, చేసిన పనికి ఉంటుంది. కాబట్టి ముందుగా "ఉత్తమ విద్యార్థి" అన్న బిరుదు తీసేయండి. ఫలానా పిల్ల మంచిది అని తేల్చే పని ఎవరూ పెట్టుకోవద్దు. ఫలానా రోజున, ఫలానా చోట ఏం చేసిందో రాసి ఉంటే దానికి గుర్తింపు ఇవ్వండి. ఎవరైనా గొడవకు వచ్చినా మీరు చూపించేది ఆ రాతనే.

అంటే ఈ పని ఫిబ్రవరిలో మొదలయ్యేది కాదు. జూన్ 12న బడి తెరిచిన వారంలోనే ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ స్టాఫ్ రూంలో పెట్టాలి. గీతలు కొట్టి ఆరు గళ్లు: తేదీ, తరగతి-అడ్మిషన్ నంబరు, ఎక్కడ, ఏం చేశారు, ఎవరు చూశారు, సంతకం. విశేషణాలు రాయకూడదన్నది ఒక్కటే నియమం. "క్రమశిక్షణ గల అమ్మాయి" అన్న నమోదు చెత్తబుట్టకే పనికొస్తుంది. ఇలా ఉండాలి:

"14-8. 7-బి. భోజనం బెల్లు. పప్పు గిన్నె జారి వరండాలో ఒలికింది. ఇద్దరు పిల్లల్ని అటూ ఇటూ నిలబెట్టి చిన్నోళ్లను ఆపింది. పొయ్యి దగ్గర బూడిద తెచ్చి చల్లింది. ఎవరూ చెప్పలేదు. చూసింది: వంట చేసే అక్క, పీఈటీ."

ఇంతే. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒక్కో టీచర్ వారానికి ఒక్క నమోదు రాస్తే ఏడాది సగం గడిచేసరికి రెండు వందలు దాటతాయి. అయితే టీచర్లు చూసేది తరగతి గదిలో ముందు రెండు వరుసలనే. అసలు పనులు జరిగేది మంచినీళ్ల దగ్గర, భోజనం దగ్గర, బడికొచ్చే దారిలో, బస్సులో. అందుకే పిల్లల చీటీలు కావాలి. నెలకోసారి చివరి పీరియడ్‌లో ఒక్క ప్రశ్న: "ఈ నెలలో నీకు గానీ, నువ్వు చూస్తుండగా ఇంకొకరికి గానీ ఎవరు సాయం చేశారు? ఏం చేశారు?" పేరు మాత్రమే రాసి, పని రాయని చీటీ చెల్లదని ముందే చెప్పండి. లేకపోతే అది సర్పంచ్ ఎన్నిక అయిపోతుంది, బ్యాచ్‌లు కట్టి ఒకే పేరు రాస్తారు. చీటీలో వచ్చిన సంగతికి ఇంకొక సాక్ష్యం దొరికితేనే రిజిస్టర్‌లోకి ఎక్కించాలి. 6వ తరగతిలో రాయలేని పిల్లలు ఉంటారు. వాళ్లను విడిగా పిలిచి నోటితో చెప్పించుకుని మీరే రాయండి.

ఇక మూడు విభాగాల గురించి.

నడవడి దగ్గర జాగ్రత్త పడాల్సింది నిజాయితీ బహుమతి. దొరికిన డబ్బు తెచ్చిచ్చినవాళ్లకు ప్రార్థనలో చప్పట్లు కొట్టించారంటే, ఆ వారంలోనే ఐదారుగురు "సార్, పది రూపాయలు దొరికింది" అంటూ వస్తారు. సగం మంది ఇంట్లో ఇచ్చిన పదే తెస్తారు. ఒక్కసారి జరిగిన పనికి కాక, రెండు మూడు నెలలు ఎవరూ చెప్పకుండా చేస్తూ వచ్చిన పనికి ఇవ్వండి. చూపు సరిగా లేని స్నేహితుడికి బోర్డు మీదున్నది రోజూ చదివి వినిపించడం, కొత్తగా చేరిన లంబాడా పిల్లకు తెలుగు మాటలు అందించడం వంటివి.

సృజన విభాగాన్ని థర్మకోల్ మోడళ్లు మింగేస్తాయి. సైన్స్ ఫెయిర్‌లో అగ్నిపర్వతం, హైడ్రాలిక్ జేసీబీ, వాననీటి సంరక్షణ అని ఏటా అవే వస్తాయి. కొన్ని యూట్యూబ్ చూసి చేసినవి, కొన్ని నాన్న చేసిచ్చినవి, కొన్ని హన్మకొండలో కొనుక్కొచ్చినవి. వడపోత సులువే. వస్తువు ఇంటి నుంచి తేవద్దనండి. బడిలోనే రెండు పీరియడ్ల టైమిచ్చి అట్టముక్కలు, తీగ, సైకిల్ ట్యూబు, గుండీలు, పాత చార్జర్లు ముందు పెట్టండి. "చెప్పులు వరండాలో పోకుండా ఏదైనా ఏర్పాటు చేయండి" అని మన బడిలోని సమస్యే ఇవ్వండి. చేశాక రెండే ప్రశ్నలు: మొదట ఏది చెడిపోయింది, దానికి ఏం మార్చావు? సొంతంగా చేసిన పిల్ల దీనికి పది నిమిషాలు ఆపకుండా చెబుతుంది. కాపీ కొట్టినవాడు "ఏమీ చెడిపోలేదు సార్" అంటాడు. కథ, బొమ్మ, పాట కట్టడం, బతుకమ్మ పేర్చడంలో కొత్త తీరు, ఇవన్నీ కూడా సృజనే. సైన్స్ సార్ల చేతుల్లోనే వదిలేయకండి.

నాయకత్వం అనగానే ఎస్పీఎల్ (స్కూల్ ప్యూపిల్ లీడర్) పేరు చదివేస్తారు. అది పదవికిచ్చే బహుమతి అవుతుంది. గట్టిగా అరిచి లైను కట్టించేవాణ్ని నాయకుడనడం మన బళ్లలో పాత అలవాటు. చూడాల్సింది వేరే ఉంది: టీచర్ సెలవు పెట్టిన రోజున ఆ పని ఆగిందా, సాగిందా? తను రాని రోజున ఆ పని ఇంకొకరు చేయగలిగేలా నేర్పిందా? లైబ్రరీ పుస్తకాల రాతకోతలు, కూరగాయల మడి, తాగునీటి డ్రమ్ములు కడగడం, ప్రార్థనలో వార్తలు చదవడం లాంటి పనులను నలుగురైదుగురి జట్లకు అప్పగించి, నెలకోసారి బాధ్యుణ్ని మార్చండి. అందరికీ అవకాశం ఇవ్వకుండా నాయకత్వానికి బహుమతి ఇస్తే ఏటా ఆ ముగ్గురికే పోతుంది. స్వపరిపాలన దినోత్సవం కూడా గమనించడానికి మంచి రోజు. అయితే చీర కట్టుకుని పాఠం చెప్పిన అమ్మాయితో పాటు, ఆ రోజు అటెండర్‌గా ఉండి బెల్లు సమయానికి కొట్టిన పిల్లవాణ్ని కూడా చూడండి.

హాజరుకు మాత్రం ఏ విభాగంలోనూ మార్కులు వేయొద్దు. మీ వైపు దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి తీతలు, ఆ వెనకే మిర్చి ఏరడం. ఆ రోజుల్లో రాని పిల్లలు ఇంటి పని చేస్తున్నారు, ఎగ్గొట్టి తిరగడం లేదు.

కమిటీలో ఐదుగురు చాలు: హెచ్ఎం, ఒక సార్, ఒక మేడమ్, పీఈటీ, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ నుంచి ఒక తల్లి. తమ ఇంటి పిల్ల పేరు చర్చకొస్తే ఆ సభ్యులు లేచి బయటికి వెళ్లాలి. దాతల సంఘం నుంచి ఎవరూ కూర్చోవద్దు. కఠినంగా చెబుతున్నానని అనుకోకండి, మీలో ఒకరు కూర్చుంటే ఊళ్లో ఫోన్లు మీకే వస్తాయి. జాబితాను అడ్మిషన్ నంబర్లతో ముందు పెట్టి చర్చించండి. చిన్న బడిలో పని చదవగానే ఎవరో తెలిసిపోతుందనుకోండి, అయినా ఇంటిపేరు కళ్ల ముందు లేకపోవడం కొంత నయం.

పేర్లు తేలాక ఒక్కసారి వెనక్కి చూసుకోండి. ఆడపిల్లలెందరు, తండా నుంచి ఎందరు, కాలనీ నుంచి ఎందరు, 6-7 తరగతుల నుంచి ఎందరు? ఎక్కడైనా సున్నా వచ్చిందంటే అటువైపు ఎవరూ చూడలేదని అర్థం. అక్కడ కోటా పెట్టి ఏదో ఒక పేరు ఇరికించకండి. మళ్లీ రిజిస్టర్, చీటీలు తీసి చదవండి. తప్పకుండా దొరుకుతుంది.

---

చెరువుగట్టు

పై జవాబులో చాలావరకు ఒప్పుకుంటాను. నాకున్న పేచీ నడవడి దగ్గరే. మంచిపనికి వేదిక మీద బహుమతి పెట్టడం వల్ల ఆ పని తగ్గే ప్రమాదం కూడా ఉంది. ఇది ఊహ కాదు.

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అమెరికాలో ఒక నర్సరీ బడిలో చేసిన ప్రయోగం ఉంది. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లల్నే ఎంచుకున్నారు. కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ముందే ఆశ చూపించిన పిల్లలు మిగతా రెండు గుంపులతో పోలిస్తే సగం సేపే గీశారు. అదివరకు ఇష్టంతో చేసిన పని కూలికి చేసిన పనిగా మారిపోయింది.

చెప్పకుండా ఇస్తే సరిపోతుందా అంటే, అదీ పూర్తిగా కాదు. కాలిఫోర్నియాలో 15 వేల మందికి పైగా బడిపిల్లలపై హాజరు పురస్కారాల అధ్యయనం ఒకటి చేశారు. అంతకుముందు ఏదో ఒక నెలలో ఒక్కరోజూ మానని పిల్లలకు అనుకోకుండా అవార్డు పంపితే, తర్వాతి నెలలో వాళ్లు మానడం పెరిగింది. "అడిగినదానికన్నా నేను ఎక్కువే చేస్తున్నానన్నమాట, మిగతావాళ్లు ఇంత రావడం లేదు" అన్న సందేశం చేరడమే కారణం కావచ్చని పరిశోధకుల అభిప్రాయం.

దీన్నిబట్టి నేను చెప్పేది: అందరూ చేయాల్సిన పనికి బహుమతి పెట్టకండి. చేతులు కడుక్కోవడం, సమయానికి రావడం, తిట్టుకోకుండా ఉండడం, ఇవి బడి నియమాలు. వీటికి కప్పు ఇస్తే మిగతావాళ్లకు ఇవి ఐచ్ఛికం అని చెప్పినట్టే. రిజిస్టర్ ఉందని పిల్లలకు తెలియడం తప్పు కాదు గానీ "ఇన్ని నమోదులకు ఇన్ని పాయింట్లు" అని గోడ మీద చార్టు మాత్రం వద్దు. చార్టు అంటించిన మరుసటి రోజు నుంచే పిల్లలు టీచర్ కనిపించినప్పుడు సాయం చేయడం మొదలుపెడతారు.

సృజనకైతే డబ్బు వద్దే వద్దు. గెలిచిన పిల్లకు ఇంకో వస్తువు చేసుకోవడానికి పనిముట్లు ఇవ్వండి: స్క్రూడ్రైవర్ సెట్, కటింగ్ ప్లయర్, వాటర్ కలర్స్, మంచి స్కెచ్ పుస్తకం. చేసిన వస్తువును ఒక నెల హెచ్ఎం గదిలో కాక అందరూ తిరిగే వరండాలో పెట్టండి.

నడవడి విభాగంలో వ్యక్తికి కాక జట్టుకు ఇవ్వమని నా సలహా. వేదిక మీద "మంచి పిల్ల" అని ముద్ర వేస్తే ఆ ముద్ర మోయడం ఆ పిల్లకు కష్టం, పక్క పిల్లలకు వెక్కిరించడానికి ఒక పేరు దొరుకుతుంది.

---

సోషల్_ఎస్ఏ

ముద్ర గురించి చెప్పింది నిజం. కానీ నడవడిని పూర్తిగా జట్టుకే వదిలేస్తే, ఒంటరిగా ఉండే పిల్లలు మళ్లీ మాయమైపోతారు. వేదిక మీద చదివే వాక్యాన్ని మార్చితే చాలావరకు సరిపోతుంది. "సత్ప్రవర్తనకు గాను" అనకుండా "వానాకాలమంతా లైబ్రరీ అల్మరా తడవకుండా చోటు మార్చి, ఇచ్చిన ప్రతి పుస్తకం రాసిపెట్టినందుకు" అనండి. పనికి పేరు పెట్టాం, పిల్లకు కాదు. ఎలాగూ మన టీసీల్లో "ప్రవర్తన: సంతృప్తికరం" అని అందరికీ ఒకే ముక్క రాసి పంపుతున్నాం, ఒక్కచోటైనా అసలు సంగతి రాద్దాం.

జట్టు బహుమతులు కూడా రెండు పెట్టండి, అభ్యంతరం లేదు.

---

గైడ్_కెప్టెన్

ప్రభుత్వ పురస్కారాల గురించి అడిగారు కదా. ముందుగా ఒక సంగతి: ప్రభుత్వం టెన్త్ టాపర్లకు ఇచ్చే ప్రతిభా పురస్కారాల్లాంటివి మార్కుల మీదే నడుస్తాయి, మీ మూడు విభాగాలకు అవి సరిపోవు.

సృజనకు ఇన్‌స్పైర్-మనక్ ఉంది. కేంద్ర సైన్స్-టెక్నాలజీ శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడుపుతాయి. హైస్కూల్ నుంచి ఏటా ఐదు ఆలోచనలు ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఎంపికైతే నమూనా చేసుకుని జిల్లా ప్రదర్శనకు తేవడానికి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే పడతాయి. జిల్లా, రాష్ట్రం, జాతీయం, ఇలా మెట్లు ఉంటాయి. ఎక్కడ తప్పుతుందంటే మూడు చోట్ల. గడువు చివరి రోజున హెచ్ఎం లాగిన్‌లో కూర్చుని ఇంటర్నెట్‌లో దొరికిన ఐదు ఆలోచనలు అతికిస్తారు. సెన్సర్ ఉన్న చెత్తడబ్బా, అంధులకు చేతికర్ర, ఇవి దేశమంతా పంపేవే, వడపోతలో మొదట పోయేవీ అవే. రెండోది, ఖాతా. పేరులో ఒక అక్షరం తేడా, ఆధార్ అనుసంధానం లేకపోవడం, చిన్నప్పుడు తెరిచి వాడక స్తంభించిన ఖాతా. డబ్బు వెనక్కి పోతుంది. జూన్‌లోనే పాస్‌బుక్ తెచ్చి చూడండి. మూడోది, నమూనా మెకానిక్ చేతికి పోవడం. జిల్లా ప్రదర్శనలో జడ్జి రెండు ప్రశ్నలు అడిగితే పిల్ల నోరు మెదపదు. పైన చెప్పిన రెండు పీరియడ్ల పోటీ జూన్ చివరిలో పెడితే, మీ ఐదు ఆలోచనలు అక్కడే దొరుకుతాయి.

నాయకత్వానికి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కన్నా పకడ్బందీ మార్గం నాకు తెలియదు. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆ తర్వాత రాజ్య పురస్కార్, చివరికి రాష్ట్రపతి పురస్కారం. ఒక్కో మెట్టుకూ నెలల గడువు, లాగ్‌బుక్, పరీక్షా శిబిరం ఉంటాయి. తొమ్మిదిలో మొదలుపెడితే పదో తరగతి లోపు రాజ్య పురస్కార్ అందదు. 6లో గానీ 7లో గానీ ప్రవేశ్ అయిపోవాలి. శిక్షణ పొందిన స్కౌట్ మాస్టర్ లేదా గైడ్ కెప్టెన్ బదిలీ అయితే యూనిట్ ఆగిపోవడం మన దగ్గర మామూలు. ఇద్దరికి శిక్షణ ఇప్పించి పెట్టుకోండి.

కళలకు 2015 నుంచి కేంద్ర విద్యాశాఖ నడుపుతున్న కళా ఉత్సవ్ ఉంది, 9 నుంచి 12 తరగతులకు. సినిమా పాటకు చేసిన డాన్స్ పనికిరాదు. ఒగ్గుకథ, కోలాటం, చిందు, చేర్యాల బొమ్మల శైలి లాంటి స్థానిక కళలకే విలువ.

పెద్ద స్థాయిలో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కార్ ఉంది. 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకు. ధైర్యసాహసాలు, సామాజిక సేవ, పర్యావరణం, కళలు, క్రీడలు, సైన్స్ వంటి విభాగాలు. సిఫార్సు అక్కర్లేదు, కేంద్ర పురస్కారాల పోర్టల్‌లో ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. పెద్ద పోటీ కాబట్టి ఆశలు రేపి పిల్లను కంగారు పెట్టకండి. అయితే దరఖాస్తులో అడిగేవి తేదీలు, ఆధారాలే. రిజిస్టర్ ఉన్న బడికి అది గంట పని.

మరొకటి. పదో తరగతి మెమోలో సహపాఠ్య అంశాల గ్రేడ్లు ఉంటాయి: విలువల విద్య-జీవన నైపుణ్యాలు, కళలు-సాంస్కృతిక విద్య, పని-కంప్యూటర్ విద్య, ఆరోగ్య-వ్యాయామ విద్య. చాలాచోట్ల మార్చిలో ఒకే పెన్నుతో కిందిదాకా ఒకే గ్రేడు దింపుతారు. ఈ రిజిస్టర్ ఉంటే ఆ నాలుగు గళ్లు నిజంగా నింపవచ్చు. జాతీయ విద్యా విధానం 2020 చెప్పిన సమగ్ర ప్రగతి కార్డు కూడా పిల్లవాడి సొంత అంచనా, తోటివారి అంచనా అడుగుతుంది. చీటీలు దానికీ పనికొస్తాయి.

---

డీటీపీ_సెంటర్

ఎంపిక సంగతి సార్లు చెప్పారు. అచ్చు సంగతి నేను చెబుతాను. ఫంక్షన్ ముందు రోజు సాయంత్రం వచ్చి "పద్దెనిమిది సర్టిఫికెట్లు, గంటలో కావాలి" అనడం వల్లే సగం తప్పులు వస్తాయి.

ఏ4 సైజు, 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు తీసుకోండి. 100 జీఎస్ఎం మీద వేస్తే ఆరు నెలల్లో మడతల దగ్గర చిరుగుతుంది. లామినేషన్ చేయించకండి. తర్వాత సంతకం గానీ, అటెస్టేషన్ సీలు గానీ దాని మీద పడదు, పెళుసెక్కితే తీయలేం. బదులుగా ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి. పేర్లు ఫోన్లో చెప్పకండి, వాట్సాప్‌లో చేతిరాత ఫొటో పంపకండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నట్టు తెలుగులో, ఆధార్‌లో ఉన్నట్టు ఇంగ్లిష్‌లో, రెండూ టైపు చేసి పంపండి. అనూ ఫాంట్‌లో చేసిన ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు ఎగిరిపోతుంటాయి. క్ష, జ్ఞ, ర-వత్తు ఉన్న పేర్లు ప్రత్యేకంగా చూడండి. ప్రూఫ్ కాగితం మీద తీసి, ఎవరి పేరు వాళ్లకే చూపించి టిక్ పెట్టించండి. నాలుగు రోజుల ముందు జాబితా ఇస్తే ఇవన్నీ కుదురుతాయి. పేర్లు ముందే బయటపడతాయన్న భయం ఉంటే, బడిలో పిల్లలందరి పేర్లూ చూసుకోమని ఒక షీటు తిప్పండి, ఎవరికీ అనుమానం రాదు.

దాత పేరు కింద చిన్నక్షరాల్లో ఒక్క లైను చాలు. పిల్ల పేరు 18 పాయింట్లలో, దాతగారి తండ్రిగారి ఫొటో సగం పేజీలో ఉన్న సర్టిఫికెట్లు చేసిచ్చి చేసిచ్చి చెబుతున్నా.

---

పూర్వవిద్యార్థి_2001

అందరికీ ధన్యవాదాలు. దాత ఫొటో మాట మా వాళ్లకు చూపిస్తాను, ఒకరిద్దరు ఆ ఆశలోనే ఉన్నారు.

ఇంకో మూడు అనుమానాలు. 30,000 ఎలా పంచాలి? అవార్డు తీసుకున్న పిల్లవాడు నెలలో ఏదైనా పెద్ద తప్పు చేస్తే ఏం చేయాలి? ఫొటోలు, పేర్లు మా సంఘం ఫేస్‌బుక్ పేజీలో పెట్టొచ్చా?

---

సోషల్_ఎస్ఏ

డబ్బు ముందు. పద్దెనిమిది మందికి గుర్తింపు అనుకుందాం, ఒక్కో విభాగంలో ఆరుగురు. 1, 2, 3 స్థానాలు వద్దు. పనిముట్లు లేదా పుస్తకాలు తలా 900 చొప్పున 16,200. సర్టిఫికెట్, ఫోల్డర్ తలా వంద దాకా వేసుకుంటే 1,800. రెండు జట్లకు 2,500 చొప్పున 5,000, అది ఆ జట్టు పనికే ఖర్చు కావాలి: కూరగాయల మడికి పైపు, లైబ్రరీకి పుస్తకాలు. సృజన పోటీకి సామగ్రి, వరండాలో ప్రదర్శన బల్లలు, బోర్డులకు 5,000. మిగిలిన 2,000 రిజిస్టర్, చీటీల పెట్టె, జిల్లా ప్రదర్శనకు పిల్లల చార్జీలు. మొత్తం 30,000. అతిథులకు శాలువాలు, మెమెంటోలు, బొకేలు ఇందులోంచి తీయొద్దని తీర్మానంలోనే రాసుకోండి. చాలా వార్షికోత్సవాల్లో పిల్లల ప్రైజులకన్నా శాలువాలకే ఎక్కువ పోతుంది.

నగదు వద్దు. ఇంటికెళ్లేసరికి అది కిరాణా బాకీకి పోతుంది. అందులో తప్పేమీ లేదు గానీ మీరు అనుకున్న పని జరగదు. డబ్బు ఎవరి సొంత ఖాతాకూ వేయకండి. వస్తువులు మీరే కొని బిల్లులతో సహా కమిటీకి అప్పగించండి, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించుకుంటారు. సమగ్ర శిక్ష కింద వచ్చే స్కూల్ గ్రాంటుతో దీన్ని కలపనివ్వకండి. మీ బడి సంఖ్యకు, అంటే 101 నుంచి 250 లోపు పిల్లలకు, అది ఏడాదికి 50,000. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, రిపేర్లకే చాలదు, అందులో పదో వంతు పారిశుధ్యానికి పోవాలి. బహుమతుల బిల్లు అందులో దూరిస్తే హెచ్ఎం ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలి.

మా కులపు పిల్లలకే ఇవ్వండి, మా ఇంటిపేరున ఇవ్వండి అనే దాతలు వస్తారు. మర్యాదగా వద్దనండి, వేరే స్కాలర్‌షిప్ పెట్టుకోమనండి.

తప్పు చేసిన పిల్లవాడి సంగతి: అవార్డు వెనక్కి తీసుకోవద్దు. లైబ్రరీ అల్మరా కాపాడినందుకు ఇచ్చారు, అది జరిగిన పని, తర్వాత అద్దం పగలగొట్టినా ఆ పని చెరిగిపోదు. అద్దం సంగతి విడిగా చూసుకోవాలి. "అవార్డు తీసుకుని ఇదా నువ్వు చేసేది" అన్న మాట మాత్రం ఏ టీచర్ నోటా రాకూడదు, స్టాఫ్ మీటింగులోనే చెప్పండి. ఇంకో మాట, అల్లరి పిల్లల్ని జాబితాకు దూరం పెట్టకండి. భోజనం దగ్గర గొడవ పడేవాడే ఊరి చెరువు దగ్గర చిన్నోణ్ని లాగి బయటపడేసి ఉండొచ్చు.

---

గైడ్_కెప్టెన్

ఫొటోల గురించి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. చట్టం పక్కన పెట్టినా, జూన్‌లోనే అరపేజీ తెలుగు సమ్మతి పత్రం తీసుకోవడం మంచిది. చదవలేని తల్లిదండ్రులకు చదివి వినిపించి సంతకం గానీ వేలిముద్ర గానీ. "వద్దు" అన్న గడి కూడా ఉండాలి. పేజీలో పెడితే పేరు, తరగతి చాలు. ఇంటి వివరాలు, "కూలీ బిడ్డ", "నిరుపేద విద్యార్థి", "తండ్రి లేని అమ్మాయి" లాంటి మాటలు వద్దు. పిల్ల మరుసటి రోజు ఆ మాట మీదే బడికి రావాలి.

కొన్ని పనులు అసలు వేదిక ఎక్కకూడదు. తన బాల్యవివాహం గురించి 1098 (చైల్డ్‌లైన్)కి ఫోన్ చేసి ఆపించుకున్న అమ్మాయి, ఇంట్లో దెబ్బల గురించి స్నేహితురాలి తరఫున టీచర్‌కు చెప్పిన పిల్ల, వీళ్లది నిజంగా పెద్ద ధైర్యమే. కానీ మైకులో చదివితే ఆ సాయంత్రం ఇంటికెళ్లేది ఆ పిల్లే. వీళ్లకు హెచ్ఎం గదిలో, ఇద్దరు టీచర్ల సమక్షంలో, ఉత్తరం రాసి ఇవ్వండి. రిజిస్టర్‌లో కూడా వివరం రాయకుండా "ప్రత్యేక నమోదు, హెచ్ఎం దగ్గర" అని వదిలేయండి.

కార్యక్రమం విషయంలో ఒక్కటే. బహుమతులు ప్రసంగాల ముందు పెట్టించండి. ఒక్కో పిల్లకు చదివే వాక్యం ఇరవై సెకన్లు, పద్దెనిమిది మందికి, నడిచి రావడంతో కలిపి, పావుగంట. ప్రసంగాలయ్యాక అనుకుంటే సగం తల్లులు పొద్దు పోతోందని వెళ్లిపోయి ఉంటారు. ఫిబ్రవరి మొదటి పదిహేను రోజుల్లో తేదీ పెట్టుకోండి, ఆ తర్వాత పదో తరగతి ప్రీఫైనల్స్‌తో హెచ్ఎం గారు మీకు దొరకరు.

---

చెరువుగట్టు

చీటీల పెట్టె మాట వచ్చింది కాబట్టి: హెచ్ఎం గది ముందు పెట్టకండి, అక్కడ వేస్తే ఫిర్యాదు చేస్తున్నట్టు కనిపిస్తుంది. మంచినీళ్ల కుళాయిల పక్క గోడకు, 6వ తరగతి పిల్లకు అందే ఎత్తులో కట్టించండి. తాళంచెవి ఇద్దరు టీచర్ల దగ్గర ఉండాలి. నమోదు చేశాక చీటీలు చించేయండి. చేతిరాతను బట్టి ఎవరు రాశారో పిల్లలు ఇట్టే పట్టేస్తారు.